ఊపిరికి తాలీం పెట్టిన బ్రూస్‌లీ

సంక్షేమ హాస్టళ్ళలో చదువుకున్న వారికి గోడల మీది బొమ్మలు బాగా గుర్తుంటాయి. ట్రంకు పెట్టెల వరుసకు పైన, సున్నం పెచ్చులూడిన చోట అన్నం మెతుకులతో అంటించిన కాగితాలవి. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి చిత్రపటం ఎలాగూ ఉండేది. దాని పక్కన సినిమా హీరోలు బ్యాచ్‌కొకరు చొప్పున మారుతుండేవారు. ఎన్ని బ్యాచ్‌లు మారినా మారని బొమ్మ మరొకటి ఉండేది. చొక్కా లేని బక్కపలచని మనిషి, ఛాతీ మీద గోళ్ళతో గీరినట్టు ఎర్రటి గీతలు, రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి ఉంటాడు. అతడి పేరు తెలియని విద్యార్థి లేడు. అతడి జీవితం తెలిసినవారు మాత్రం తక్కువ. ఈ సంచికలో బ్రూస్‌లీ గురించి రాయాలని మేము అనుకోవడానికి కారణం అదే.

చాలామంది అతడిని పుట్టుకతోనే బలవంతుడని అనుకుంటారు. అది నిజం కాదు. చిన్నతనంలో అతడు తరచూ జబ్బు పడే సన్నపాటి పిల్లవాడు. పెద్దయ్యాక కూడా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాల పైచిలుకు, బరువు 60 కిలోలకు కాస్త అటూ ఇటూ. దూరపు చూపు ఆనేది కాదు. 1963లో అమెరికా సైన్యం వైద్యపరీక్ష జరిపి పనికిరాడని పంపించేసింది. అటువంటివాడు ప్రపంచానికి దేహదారుఢ్యం అంటే ఇది అని చూపించగలిగాడంటే దాని వెనుక ఏమి జరిగిందో తెలుసుకోవాలి.

1940 నవంబరు 27న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, చైనాటౌన్ ఆసుపత్రిలో బ్రూస్‌లీ జన్మించాడు. తండ్రి లీ హోయ్ చ్యూన్ కంటోనీస్ సంగీత నాటక కళాకారుడు. మన సురభి వారిలాగా పాడుతూ, ఆడుతూ, కత్తులు తిప్పుతూ నటించే నాటకాలవి. ఆ నాటక బృందం అమెరికా పర్యటనలో ఉన్నప్పుడు ఈ బిడ్డ పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు లీ జున్ ఫాన్. బ్రూస్ అన్నది ఆసుపత్రిలో పెట్టిన పేరు. తల్లి గ్రేస్ హో వంశంలో యూరోపియన్ రక్తం కలిసి ఉంది. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, తరువాత దీనితో పని పడుతుంది.

1941లో కుటుంబం హాంకాంగ్ తిరిగి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే జపాన్ సైన్యం హాంకాంగ్‌ను ఆక్రమించుకుంది. 1945 వరకూ ఆకలి, భయం. యుద్ధం ముగిశాక బాలనటుడిగా బ్రూస్‌లీ వరుసగా సినిమాల్లో వేశాడు. పద్దెనిమిదేళ్ళు నిండేసరికి ఇరవై దాకా సినిమాలు అయ్యాయి. అప్పటి తెరపేరు లీ సియు లుంగ్, అంటే చిన్న డ్రాగన్ అని అర్థం. చదువులో అంతంత మాత్రం, వీధి తగాదాల్లో మాత్రం ముందు. లా సాల్ కళాశాల అనే పేరున్న పాఠశాల నుంచి పంపించివేస్తే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పాఠశాలలో చేరాడు.

వీధి తగాదాల్లో దెబ్బలు తిన్న తరువాత పదమూడేళ్ళ వయసులో యిప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే యుద్ధవిద్యలో చేరాడు. మిత్రులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. అప్పటి చైనా యుద్ధవిద్యల గురువులు పరాయి జాతి వారికి విద్య చెప్పకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. తల్లి వైపు రక్తం కలిసినదన్న సంగతి బయటపడగానే తోటి శిష్యులు కొందరు అతడితో కలిసి సాధన చేయబోమన్నారు. కుస్తీ అయినా కుంగ్‌ఫూ అయినా ఎదురుగా జోడీ నిలబడితే తప్ప రాని విద్య. పక్కవాడు మొహం తిప్పుకుంటే ఎంత గొప్ప గురువు ఉన్నా ప్రయోజనం లేదు. ఏకలవ్యుడి కథను మనవాళ్ళు ఎన్ని వేదికల మీద చెప్పుకోలేదు! బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న భీమరావు కథ మన హాస్టల్లో ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. దూరంగా హాంకాంగ్‌లో, వేరే జాతిలో, వేరే కారణంతో, అదే పని జరిగింది. అయితే బ్రూస్‌లీ సాధన మానలేదు. వాంగ్ షున్ లెయుంగ్, విలియం చ్యూంగ్ అనే ఇద్దరు సీనియర్ల దగ్గర విడిగా నేర్చుకున్నాడు. సీనియర్లు తలుచుకుంటే ఒక జూనియర్ జీవితం ఎలా మారుతుందో మన హాస్టల్ వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

1958లో రెండు విజయాలు వచ్చాయి. ఒకటి, హాంకాంగ్ పాఠశాలల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీలో గెలుపు. రెండవది చెబితే మన పిల్లలు నవ్వుతారు: చా చా అనే డాన్సు పోటీలో అతడు హాంకాంగ్ ఛాంపియన్. ఆ డాన్సులో నూటికి పైగా అడుగుల పేర్లు ఒక చిన్న కార్డు మీద రాసుకుని జేబులో పెట్టుకు తిరిగేవాడట. ఈ డాన్సు సంగతిని జీవితచరిత్రలు రాసేవారు సరదా విషయంగా ఒక వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం అది అసలు విషయంగా కనిపిస్తుంది. తాళానికి సరిగ్గా అడుగు వేయడం, బరువును ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మార్చడం, ఆగకుండా కదలడం. బాక్సింగ్‌కు కావలసిందీ ఇదే. ఒకే ఏడాది ఒకే కుర్రవాడు ఈ రెండింటిలో గెలవడం యాదృచ్ఛికం అనిపించదు.

1959లో తల్లిదండ్రులు అతడిని ఓడ ఎక్కించి అమెరికా పంపించారు. చేతిలో ఉన్నది 100 డాలర్లు. సియాటిల్ నగరంలో రూబీ చౌ అనే ఆవిడ నడిపే హోటల్లో వెయిటరుగా పని, అక్కడే ఇరుకు గదిలో నివాసం. పగలు ఎడిసన్ టెక్నికల్ స్కూల్లో చదువు, సాయంత్రం ప్లేట్లు అందించడం. 1961లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ నాటకకళ, తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి పాఠాలు చదివాడు.

ఈ సియాటిల్‌లోనే అతడికి మొదటి శిష్యుడు దొరికాడు. పేరు జెస్సీ గ్లోవర్, నల్లజాతి యువకుడు. యుద్ధవిద్య నేర్చుకోవాలని తిరిగి తిరిగి, నల్లవాడన్న కారణంగా గుమ్మం దగ్గరే తిరస్కరించబడ్డవాడు. బ్రూస్‌లీ అతడికి నేర్పాడు. ఆ తరువాత వచ్చిన టాకీ కిమురా జపనీయ సంతతివాడు. అమెరికాలోనే పుట్టినా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ మొహం ఉన్నందుకు నిర్బంధ శిబిరంలో గడిపి, బయటికి వచ్చాక మనుషుల మొహం చూడడానికే జంకేవాడు. హాంకాంగ్‌లో జపాన్ ఆక్రమణ చూసిన ఇంటి నుంచి వచ్చిన బ్రూస్‌లీ, ఆ కిమురానే తన ముఖ్య సహాయకుడిగా చేసుకున్నాడు. నల్లవారు, తెల్లవారు, జపనీయులు, చైనీయులు ఒకే గదిలో చెమటోడ్చడం 1960ల తొలి సంవత్సరాల అమెరికాలో చిన్న విషయం కాదు. 1964 ఆగస్టులో అతడు పెళ్ళి చేసుకున్న లిండా ఎమరీ తెల్లజాతి అమ్మాయి, అదే విశ్వవిద్యాలయ విద్యార్థిని. ఆమె ఇంటివారు ఇష్టపడలేదు. అప్పటికి అమెరికాలో అనేక రాష్ట్రాల్లో అటువంటి పెళ్ళి చట్టప్రకారం నేరం. 1967లో గానీ అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేయలేదు.

పెళ్ళి తరువాత కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరానికి మకాం మార్చాడు. 1964 చివరలో అక్కడ జరిగిన ఒక పోరాటం అతడి జీవితాన్ని మలుపు తిప్పింది. వాంగ్ జాక్ మాన్ అనే కుంగ్‌ఫూ నిపుణుడితో, తలుపులు మూసిన గదిలో, కొద్దిమంది సాక్షుల ముందు జరిగిందది. కారణం గురించి రెండు మాటలున్నాయి. చైనీయులు కానివారికి విద్య చెప్పడం మానాలని చైనాటౌన్ పెద్దలు పెట్టిన పంతమని లిండా రాసింది. బ్రూస్‌లీ వేదిక మీద విసిరిన సవాలే కారణమని అవతలి పక్షం. ఎంతసేపు జరిగిందన్నదీ తేలలేదు. మూడు నిమిషాలని లిండా, ఇరవై నిమిషాల పైన అని వారు. ఎవరి లెక్క వారిదే.

లిండా చెప్పిన ప్రకారం బ్రూస్‌లీ గెలిచాడు. ఎదుటివాడు పరుగెత్తితే వెంటపడి, కింద పడవేసి, ఓటమి ఒప్పించాడు. అయినా ఆ రాత్రి అతడి మొహంలో గెలిచిన కళ లేదు. ఎందుకంటే ఆ కాస్త పోరాటానికే అతడికి ఆయాసం వచ్చింది. ఛాతీ ఎగిసిపడింది, చేతులు బరువెక్కాయి, దెబ్బలో పస తగ్గింది. పిడికిలి వేగం, వేళ్ళ బలం అన్నీ ఉన్నాయి. కొద్ది నెలల ముందే లాంగ్ బీచ్ కరాటే పోటీల వేదిక మీద రెండు వేళ్ళ మీద దండీలు తీసి, అంగుళం దూరం నుంచి కొట్టిన గుద్దుతో మనిషిని కుర్చీలో పడేసి జనాన్ని నోరెళ్ళబెట్టించినవాడే. కానీ ఊపిరి చాలలేదు.

గెలిచిన తరువాత తన లోపం వెతుక్కునే మనిషి అరుదు. మార్కులు వచ్చిన పేపరును ఎవరు తిరిగి చూసుకుంటారు? బ్రూస్‌లీ చూసుకున్నాడు. కండ, వేగం, ఒడుపు ఎన్ని ఉన్నా గుండె, ఊపిరితిత్తులు రక్తాన్నీ ప్రాణవాయువునూ అందించకపోతే అవన్నీ రెండు నిమిషాల ముచ్చటేనని గ్రహించాడు. అప్పటినుంచి అతడి దినచర్య మారింది. ప్రతిరోజూ పరుగు. ఒకే వేగంతో కాదు, కాసేపు మెల్లగా, కాసేపు ఊపిరి బిగపట్టి దూకినట్టు, మళ్ళీ మెల్లగా. పరుగు లేని పూట తాడాట, కదలని సైకిలు తొక్కడం. బాక్సింగ్ వీరుడు మహమ్మద్ అలీ పోటీల ఫిల్ములు తెచ్చుకుని, ఇంట్లో తెర మీద మళ్ళీ మళ్ళీ వేసుకుని, ఆ పాదాల కదలికను అద్దం ముందు నిలబడి సాధన చేసేవాడు. ఎదుట మనిషి లేకుండా, ఉన్నట్టు ఊహించుకుని గాలిలో గుద్దులు, తాపులు వేసే షాడో బాక్సింగ్ అతడికి నిత్యకృత్యం. తరువాత లాస్ ఏంజిల్స్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు ఆ ఇల్లే వ్యాయామశాల అయింది. ఒక మూల బరువైన సంచి, ఒక మూల మిత్రులు చేసి ఇచ్చిన పరికరాలు, గోడ నిండా పుస్తకాలు. 1967లో తన పద్ధతికి జీత్ కునే దో అని పేరు పెట్టాడు. ఎదుటివాడి దెబ్బను మధ్యలోనే అడ్డుకునే పిడికిలి మార్గం అని దాని అర్థం. అందులో వింగ్ చున్ ఉంది, పాశ్చాత్య బాక్సింగ్ ఉంది, కత్తియుద్ధపు పాదాల కదలిక ఉంది. మాకు తోచినంతవరకూ అందులో చా చా కూడా ఉంది.

గుద్దునూ తాపునూ కలిపి బరిలో ఆడే కిక్‌బాక్సింగ్ అప్పటికే జపాన్‌లో మొదలైంది. థాయ్‌లాండ్ వారి ముయే థాయ్, జపాన్ కరాటే కలిసిన ఆట అది. అమెరికాలో దానికి 1970లో తొలి ఛాంపియన్‌గా నిలిచిన జో లూయిస్ బ్రూస్‌లీ దగ్గర మెళకువలు నేర్చుకున్నవాడే. ఇంకో ఇరవై ఏళ్ళకు ఆ ఆట బరి దాటి ఇళ్ళలోకి వచ్చింది. బిల్లీ బ్లాంక్స్ అనే నల్లజాతి కరాటే వీరుడు, పదిహేనుమంది సంతానంలో ఒకడిగా పేదింట్లో పెరిగినవాడు, టీవీలో బ్రూస్‌లీని చూసి ఈ విద్య పట్టినవాడు. అతడు గుద్దులనూ తాపులనూ పాట తాళానికి వరుసలుగా అల్లి టే బో అని పేరు పెట్టాడు. 1990లలో ఆ వీడియో క్యాసెట్లు అమెరికాలో లక్షల ఇళ్ళకు చేరాయి. కొట్టడానికి మనిషి అక్కరలేదు, సంచి అక్కరలేదు, చాప వేసుకునేంత జాగా, ఒక పాట ఉంటే చాలు. ముఖ్యంగా వీధిలో పరుగెత్తడానికి వీలు లేని ఆడవారికి అది వరమైంది.

ఈ పద్ధతి మన హాస్టల్ పిల్లలకు ఎందుకు పనికివస్తుందో వివరంగా చెప్పాలని మా ఉద్దేశం. చాలా హాస్టళ్ళకు ఆటస్థలం లేదు. ఉన్నచోట వానాకాలం బురద. బాలికల హాస్టళ్ళలో గేటు దాటి పరుగుకు వెళ్ళనివ్వరు. జిమ్ముకు నెలకు కట్టే డబ్బుతో ఒక పిల్లవాడి పుస్తకాలు వస్తాయి. కానీ వరండా ఉంది, డాబా ఉంది, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో పాట ఉంది. వరస ఎలా ఉంటుందంటే, ఎడమ పాదం కొంచెం ముందు, మోకాళ్ళు కాస్త వంచి, పిడికిళ్ళు దవడ దగ్గర పెట్టి నిలబడాలి. దీన్ని గార్డు అంటారు. ముందు చేత్తో సూటిగా కొట్టేది జాబ్, వెనక చేత్తో నడుము తిప్పి కొట్టేది క్రాస్, పక్కనుంచి కొక్కెంలా వచ్చేది హుక్, కిందినుంచి గడ్డానికి లేచేది అప్పర్‌కట్. కాళ్ళకు ముందు తాపు, పక్క తాపు, మోకాలి దెబ్బ. పి.టి. మాస్టరు ఒకటి నుంచి ఎనిమిది వరకూ లెక్కపెట్టినట్టే ఎనిమిది లెక్కలకు ఒక వరస: రెండు జాబ్‌లు, ఒక క్రాస్, ఒక హుక్, మోకాలు, ముందు తాపు, రెండడుగులు వెనక్కి. మళ్ళీ రెండో పక్క. వరస వంటబట్టాక వేగం పెంచాలి. బాక్సింగ్ లెక్కలోనే మూడు నిమిషాలు ఆట, ఒక నిమిషం విరామం. మొదట్లో మూడు రౌండ్లు చాలు.

ఇందులో గుండెకు పని ఎలా దొరుకుతుందంటే, తొడలు, పిరుదులు శరీరంలో అతి పెద్ద కండరాలు. తాపు వేసినప్పుడల్లా అవి రక్తం అడుగుతాయి. చేతులు కూడా ఆగకుండా ఆడుతుంటే గుండె వేగం పెంచక తప్పదు. వారాల తరబడి ఇలా చేస్తే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కూర్చుని ఉన్నప్పుడు నాడి నెమ్మదిస్తుంది. అదే దమ్ము. నాడిని చూసుకోవడం కష్టం కాదు. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 220 లోంచి వయసు తీసివేస్తే గుండె గరిష్ట వేగం సుమారుగా తెలుస్తుంది. 16 ఏళ్ళ విద్యార్థికి అది 204. అందులో నూటికి 60 నుంచి 80 పాళ్ళు, అంటే నిమిషానికి 122 నుంచి 163 మధ్య ఉంటే వ్యాయామం సరిపోయినట్టు. గడియారం లేకపోతే మాట పరీక్ష ఉండనే ఉంది. ఆడుతూ రెండు మూడు మాటలు పలకగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. 17 ఏళ్ళలోపు వారికి సగటున రోజుకు 60 నిమిషాలైనా శరీరశ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పొద్దున బెల్లు కొట్టాక, స్నానాల క్యూ మొదలయ్యే ముందు ఇరవై నిమిషాలు, సాయంత్రం స్టడీ అవరుకు ముందు ఇంకో ఇరవై దొరకని హాస్టల్ ఉండదనుకుంటాం. మిగతాది నడకలోనూ ఆటలోనూ సరిపోతుంది.

రెండు మూడు జాగ్రత్తలు. గాలిలో కొట్టేటప్పుడు మోచేయినీ మోకాలినీ పూర్తిగా చాచి విసరకూడదు. ఆపడానికి ఎదుట సంచి లేదు కనుక కీలు మీదే దెబ్బ పడుతుంది. పక్క తాపు వేసేటప్పుడు కింద ఉన్న పాదం కూడా తిరగాలి, లేదంటే మోకాలు మెలిపడుతుంది. సిమెంటు గచ్చు మీద ఎగరడం తగ్గించాలి. భోజనం చేసిన వెంటనే వద్దు. కొద్దిపాటి ఆటకే గుండె దడ, కళ్ళు తిరగడం ఉన్నవారు, ముఖ్యంగా బాలికలు, సిగ్గుపడకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. అది బద్ధకం కాకపోవచ్చు, రక్తహీనత కావచ్చు. అప్పుడు కావలసింది తిట్లు కాదు, ఐరన్ మాత్రలు.

ఒళ్ళు వేడెక్కించుకోకుండా మొదలుపెడితే ఏమవుతుందో బ్రూస్‌లీ జీవితమే చెబుతుంది. 1966లో గ్రీన్ హార్నెట్ అనే టీవీ ధారావాహికలో కాటో పాత్ర వచ్చింది. 26 భాగాలతో 1967లో అది ఆగిపోయింది. తరువాత చెప్పుకోదగ్గ వేషాలు లేవు. సినిమా తారలకు పాఠాలు చెబుతూ ఇల్లు గడిపాడు. 1965లో కొడుకు బ్రాండన్, 1969లో కూతురు షానన్ పుట్టారు. 1970లో ఒకరోజు, సరిగా ఒళ్ళు వేడెక్కించుకోకుండా, భుజాల మీద బరువు పెట్టుకుని నడుము వంచి లేచే వ్యాయామం చేస్తూ వెన్ను దెబ్బతీసుకున్నాడు. నరం దెబ్బతిన్నదనీ, ఇక తాపు వేయడం మరిచిపోవాలనీ వైద్యులు చెప్పారు. నెలల తరబడి మంచం. ఇంటి ఖర్చు కోసం లిండా ఉద్యోగానికి వెళ్ళింది. మంచం మీద పడుకునే అతడు తన పద్ధతి గురించి నోటు పుస్తకాలు నింపాడు. ఆ రాతలే అతడి మరణానంతరం 1975లో పుస్తకంగా వచ్చాయి. మెల్లగా లేచాడు, మెల్లగా నడిచాడు, మళ్ళీ తాపు వేశాడు. నొప్పి మాత్రం జీవితాంతం ఉంది. మనం తెర మీద చూసిన ఆ ఎగురుడు తాపులన్నీ ఆ దెబ్బ తరువాతవే. ఈ సంగతి తెలిశాక ఆ సినిమాలు మళ్ళీ చూస్తే వేరేగా కనిపిస్తాయి.

హాలీవుడ్ అతడికి ప్రధాన పాత్ర ఇవ్వడానికి వెనుకాడింది. కుంగ్‌ఫూ అనే పేరుతోనే 1972లో వచ్చిన టీవీ ధారావాహికలో చైనా రక్తపు వీరుడి పాత్రను తెల్లజాతి నటుడు వేశాడు. బ్రూస్‌లీ హాంకాంగ్ వెళ్ళిపోయాడు. థాయ్‌లాండ్ పల్లెలో తీసిన ది బిగ్ బాస్ 1971లో విడుదలై హాంకాంగ్ రికార్డులు తిరగరాసింది. 1972లో ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ. అందులో షాంఘై పార్కు గేటు దగ్గర కుక్కలకూ చైనీయులకూ ప్రవేశం లేదని చెప్పే బోర్డు ఒకటుంటుంది. దాన్ని అతడు గాలిలోకి ఎగిరి ఒక్క తాపుతో ముక్కలు చేస్తాడు. ఆ ముక్కలు కింద పడేటప్పుడు మన టాకీసుల్లో ఎందుకు ఈలలు పడతాయో వేరే వివరణ అక్కరలేదు. చెరువు గట్టున, గుడి ముందర, హోటల్ గ్లాసుల దగ్గర బోర్డు లేకుండానే ఆ మాట చదువుకున్నవాళ్ళం మనం.

అదే ఏడాది వే ఆఫ్ ది డ్రాగన్. రచన, దర్శకత్వం, పోరాటాల కూర్పు, నటన అన్నీ అతడివే. రోములోని కొలోసియం నేపథ్యంలో చక్ నారిస్‌తో జరిగే పోరాటాన్ని శ్రద్ధగా చూడమని తమ్ముళ్ళను కోరుతున్నాం. ఇద్దరూ ముందు ఒళ్ళు విరుచుకుని, వేళ్ళు, మెడ, నడుము వేడెక్కించుకుంటారు. 1970లో దెబ్బ తిన్నవాడు దర్శకుడైతే అలాగే తీస్తాడు. పోరాటం మొదట్లో బ్రూస్‌లీ దెబ్బలు తింటాడు, కింద పడతాడు. అప్పుడు పద్ధతి మారుస్తాడు. పాదాల మీద తేలిగ్గా ఎగురుతూ, ముందుకూ పక్కకూ జరుగుతూ, తాళం మార్చి మార్చి కొడతాడు. బరువుగా నిలబడి కొట్టే నారిస్‌కు ఆయాసం వస్తుంది. పోరాటం తేలేది అక్కడే, ఎవరి ఊపిరి మిగిలిందన్న దగ్గర. ఓక్లాండ్‌లో తాను నేర్చుకున్న పాఠాన్ని అతడు తెర మీద అడుగు అడుగుగా కూర్చి పెట్టాడని మేము నమ్ముతున్నాం.

1973లో ఎంటర్ ది డ్రాగన్ చిత్రీకరణ ముగిసింది. గోడ మీది బొమ్మ ఆ సినిమాలోదే. అప్పటికి ఒళ్ళు బాగా తగ్గి, పని ఒత్తిడిలో ఉన్నాడు. మే 10న డబ్బింగ్ గదిలో కుప్పకూలాడు. మెదడు వాచిందన్నారు, కోలుకున్నాడు. జూలై 20న హాంకాంగ్‌లో తలనొప్పికి ఒక మాత్ర వేసుకుని పడుకున్నవాడు లేవలేదు. మళ్ళీ మెదడు వాపే. వయసు 32. మాత్రలోని మందు పడకపోవడం కారణమని విచారణలో వైద్యులు అభిప్రాయపడ్డారు, ప్రమాదవశాత్తూ జరిగిన మరణంగా తేల్చారు. విషప్రయోగమనీ, శాపమనీ పుట్టిన కథలకు ఆధారాలు లేవు. నెల తిరిగేలోపు సినిమా అమెరికాలో విడుదలై ప్రపంచమంతా ఆడింది. మన పట్టణాల్లో టాకీసుల్లోనూ, తరువాత వీడియో సెంటర్లలోనూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. ఊరూరా వెలిసిన కరాటే స్కూళ్ళ బోర్డుల మీద గురువు పేరు కన్నా పెద్దగా బ్రూస్‌లీ బొమ్మే ఉండేది.

సియాటిల్‌లోని లేక్ వ్యూ శ్మశానంలో అతడిని ఖననం చేశారు. శవపేటికను మోసిన వారిలో స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ వంటి హాలీవుడ్ తారలతో పాటు శిష్యుడు టాకీ కిమురా ఉన్నాడు. 1993లో షూటింగ్ ప్రమాదంలో మరణించిన కొడుకు బ్రాండన్ సమాధి కూడా ఆ పక్కనే. ఒకప్పుడు మనుషుల మొహం చూడడానికి జంకిన కిమురా ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు తన కిరాణా దుకాణం కింది గదిలో గురువు చెప్పిన విద్యను చిన్న తరగతిగా నడిపాడు. ప్రచారం చేసుకోలేదు. వీలు దొరికినప్పుడల్లా శ్మశానానికి వెళ్ళి సమాధి శుభ్రం చేసి వచ్చేవాడు. 2021లో, 96 ఏళ్ళ వయసులో కిమురా కన్నుమూశాడు.